బుకిట్ బటోక్ గోదాములో పసుపు

సింగపూరు వెళ్లొచ్చి నెలలు గడిచినా మా కాలేజీ స్టాఫ్ రూములో నన్ను అడిగే ప్రశ్న మారలేదు. "బంగారం ఎంత తెచ్చారండీ?" తేలేదంటే నమ్మరు, దాచుకున్నానంటారు. అక్కడున్నన్నాళ్లూ నేను ఎక్కువగా గడిపింది పాత కంప్యూటర్ల గోదాములో, ఆఫ్రికా వాళ్లతోనూ హాలండు వాళ్లతోనూ అంటే అసలే నమ్మరు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. సింగపూరు చూడనివాళ్లు ఇది చదివి, చూసొచ్చినవాళ్లని "మీరిది చూశారా?" అని అడగండి. చూసి ఉండరు.

బుకిట్ పంజాంగ్: కళ్లు మూసుకునే రైలు

మా తమ్ముడు రవి సాఫ్ట్‌వేరు ఇంజనీరు. బుకిట్ పంజాంగ్‌లో పదో అంతస్తు ఫ్లాట్లో భార్య సుజాతతోనూ కూతురు చిన్నితోనూ ఉంటాడు. ఎండాకాలం సెలవులకి రమ్మని టిక్కెట్టు పంపాడు. మా వారు విమానం ఎక్కనని భీష్మించుకు కూర్చున్నారు కనక ఒక్కదాన్నే బయల్దేరాను. విమానాశ్రయంలో కస్టమ్స్ కుర్రాడు నా ఆవకాయ సీసా ఎత్తి వెలుగులో చూసి, మూత దగ్గర వాసన చూసి, ఎంతో గౌరవంగా తిరిగి ఇచ్చేశాడు. పసుపు, కుంకుమ పొట్లాల జోలికి పోలేదు. పోయుంటే ఈ కథే లేదు.

వాళ్ల ఇళ్ల మధ్యనుంచి ఒక బుల్లి రైలు పోతుంది. దానికి డ్రైవరుండడు. ఇళ్ల కిటికీలకి మరీ దగ్గరగా వచ్చేసరికి రైలు అద్దాలు వాటంతటవే మసకబారతాయి, మనం ఎవరి వంటింట్లోకీ తొంగిచూడకుండా. దాటగానే మళ్లీ తేటపడతాయి. నాకు భలే ఉక్రోషం వచ్చింది. మా కాకినాడలో పక్కింటి కిటికీ వైపు చూడకుండా పోతే "ఆవిడకి పొగరెక్కువ" అంటారు. ఇక్కడ రైలుకే అంత మర్యాద నేర్పారు!

మొదటిరోజే కింద హోటల్లో పరువు తీసుకున్నాను. ఖాళీ బల్లమీద కాగితపు రుమాళ్ల పొట్లం కనిపిస్తే ఎవరో మరిచిపోయారనుకుని తీసి కౌంటర్లో ఇవ్వబోయాను. చిన్ని నా కొంగు పట్టుకు లాగింది.

"అత్తా, క్యానాట్ లా! దట్ ఒన్ చోప్ చేశారు!"

చోప్ చెయ్యడమంటే ఈ చోటు మాది అని గుర్తు పెట్టి తిండి తెచ్చుకోడానికి వెళ్లడమట. మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే. కాకపోతే ఇక్కడ ఆ తువ్వాలు కోసం ఎవరూ కొట్టుకోరు. కాఫీ డెబ్భై సెంట్లు. రూపాయల్లోకి మారిస్తే గొంతు దిగదని రవి ముందే హెచ్చరించాడు. మార్చాను, దిగలేదు.

శనివారం పొద్దున్న రవి బూట్లు తొడుక్కుంటూ, "నువ్వూ రా అక్కా, ఇంట్లో ఉంటే బోర్ కొడుతుంది" అన్నాడు. ఎక్కడికిరా అంటే "కంప్యూటర్లు ప్యాక్ చేసి ఆఫ్రికా పంపుతున్నాం" అన్నాడు.

తేదీ రెండువేలలోకి మారగానే కంప్యూటర్లన్నీ బుర్ర తిరిగి పడిపోతాయని ప్రపంచమంతా భయపడిందే, ఆ భయం పుణ్యమా అనే మా తమ్ముడి లాంటివాళ్లకి సింగపూరులో ఉద్యోగాలొచ్చాయి. ఆ భయంతోనే ఆఫీసులన్నీ పాత మిషన్లు తీసేసి కొత్తవి పెట్టుకున్నాయి. తీసేసినవి ఎక్కడికి పోతాయో నేనెప్పుడూ ఆలోచించలేదు.

బుకిట్ బటోక్: కుడిచేతి మర్యాద

బుకిట్ బటోక్‌లో ఇళ్ల వరసలు దాటాక ఫ్యాక్టరీల మధ్య ఒక గోదాము. అందులో ఒక మూల ఎవరో పుణ్యాత్ముడు వాడుకోమని వదిలేశాడు. నిండా గోధుమరంగు కంప్యూటర్లు.

సింగపూరులో ఘనా దేశంవాళ్ల కుటుంబాలు కొద్దిగా ఉన్నాయి. వ్యాపారం చేసేవాళ్లు, చదువుకునేవాళ్లు, ఓడల్లో పనిచేసేవాళ్లు. వాళ్లతో చేతులు కలిపింది కొందరు యూరోపు వాళ్లు. వయసులో ఉండగా ఆఫ్రికా పల్లెల్లో బావులు తవ్వడానికీ పాఠాలు చెప్పడానికీ స్వచ్ఛందంగా వెళ్లి, ఇప్పుడు సింగపూరు కంపెనీల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు. ఇద్దరూ కలిసి ఘనాలో ఒక చిన్న పట్నం బడికి కంప్యూటర్లు పంపుతున్నారు. మిషన్లు రవి వాళ్ల ఆఫీసువి. అందుకని మరమ్మతు పని మన తెలుగు కుర్రాళ్లమీద పడింది.

మార్టెన్ అనే డచ్చాయన అందరికంటే ముందొచ్చి తాళం తీస్తాడు. తల వంచకుండా ఏ గుమ్మమూ దాటలేని పొడుగు. తొమ్మిదంటే ఆయనకి తొమ్మిదే. ఘనా వాళ్లకి తొమ్మిదంటే పది. మనవాళ్లు మధ్యేమార్గంగా తొమ్మిదిన్నరకి వస్తారు. ఆయన పుట్టు ఎడంచేతి వాటం. కానీ పని లేనప్పుడు ఎడంచెయ్యి ఎప్పుడూ జేబులోనే. ఎందుకని అడిగితే నవ్వాడు.

"ఘనాలో ఎడంచేత్తో ఏదైనా ఇస్తే తిట్టినట్టే. మొదటి నెలలో ఊరందరినీ తిట్టేశాను. అప్పట్నుంచీ దాన్ని జేబులో పెట్టడం అలవాటైంది."

ఈ మాటతో ఆయన నాకు బంధువైపోయాడు. ఎడంచేత్తో చిల్లరిచ్చిన కండక్టరుతో నేను పోట్లాడిన రోజులున్నాయి.

కాస్సేపటికి కంఫర్ట్ ఆంటీ వచ్చింది. అది ఆవిడ అసలు పేరే. మన శాంతమ్మలాంటిదన్నమాట. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. సన్నని జడలు అల్లే సెలూన్లో పని. ఆలస్యంగా వచ్చానన్న కంగారేమీ లేకుండా కుడివైపు చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, ఇంట్లోవాళ్ల క్షేమం అడిగి, ఎడమవైపు చివరిదాకా వచ్చింది. అంతసేపూ మార్టెన్ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు గానీ నోరెత్తలేదు. నా దగ్గరకొచ్చి, "నువ్వు రవి అక్కవి. ఏం పని చేస్తావు?" అంది. కెమిస్ట్రీ చెబుతానన్నాను. "అయితే టీచర్!" అంది. వాళ్లలో టీచరంటే చాలా గౌరవమట. ఆ మాట మా ప్రిన్సిపాలుకి వినిపించాలనిపించింది.

అక్కడ చట్టం ఒక్కటే. బాగయిన ప్రతి మిషనూ కంఫర్ట్ ఆంటీ ఎదురుగా ఒకసారి వెలిగించి చూపాలి. "నిన్ననే చూశాం ఆంటీ, వర్కింగ్ కండిషన్" అని రవి అంటే, "నిన్న నేను చూళ్లేదు" అంటుంది. మార్టెన్ కాఫీతోపాటు తలో బిస్కెట్టూ ఇచ్చి డబ్బా మూత గట్టిగా పెట్టేశాడు. నేను రెండోదానికి చెయ్యి చాపి గాలిలో ఆగిపోయాను. మధ్యాహ్నం కంఫర్ట్ ఆంటీ టమాటా అన్నం గిన్నె తెరిచి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా కనిపించిన ప్రతివాడినీ "మీరూ రండి" అని పిలిచింది. పిలవకుండా తినడం వాళ్లకీ తప్పే. ఆ బిస్కెట్టు డబ్బాకీ ఈ అన్నం గిన్నెకీ ఎలా పొత్తు కుదిరిందా అనుకున్నాను.

పాసిర్ రిస్: నమలకూడని ముద్ద

అది తర్వాతి వారం పాసిర్ రిస్‌లో తెలిసింది. తూర్పు కొసన సముద్రం ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. కంఫర్ట్ ఆంటీ ఫ్లాటుకి నన్నూ సుజాతనీ భోజనానికి పిలిచింది.

పెద్ద పింగాణీ గిన్నెలో వేరుశనగ పులుసు, చేప ముక్కలు, మధ్యలో తెల్లటి నున్నటి ముద్ద. చూడ్డానికి రాయలసీమ సంకటి. కుడిచేత్తో తుంచి, పులుసులో ముంచి నోట్లో పెట్టుకుని శ్రద్ధగా నమిలాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"టీచర్, అది నమలకూడదు! మింగెయ్యాలి. నమిలితే దానికి కోపమొస్తుంది."

సుజాత గుటుక్కున మింగింది. నాకు మూడో ముద్దకి గానీ చేతకాలేదు. పులుసు మాత్రం అమృతం. మనం వేరుశనగని పచ్చడికీ చిక్కీకీ పరిమితం చేసి అన్యాయం చేశాం.

తిన్నాక ఆవిడ అసలు సంగతి చెప్పింది. ఆవిడ ఇంగ్లీషు నెమ్మదైనది, నాకు తేలిగ్గా అందేది. దాన్ని తెలుగులో రాస్తున్నాను.

"కొన్నేళ్ల కింద యూరోపు నుంచి మా బడికి ఒక కంటైనరు వచ్చింది. వాలంటీర్లే పంపారు. మంచి మనసుతోనే పంపారు. కానీ మా గోడల్లో ఉండేవి మూడు పళ్ల ప్లగ్గులు, వాటికున్నవి రెండు గుండ్రటి పుల్లలు. అడిగినవాడు లేడు. ప్లగ్గులు మార్చి చూస్తే సగం పైన వెలగలేదు. మా అన్నయ్య ఆ బడికి హెడ్మాస్టరు. అందరి ముందూ తల దించుకున్నాడు. మా ఊరి పెద్ద సభలో ఏమన్నాడో తెలుసా? పెద్ద నేరుగా మాట్లాడడు. పక్కన ఆయన మాట చెప్పే మనిషి ఉంటాడు. ఆ మనిషి నోట చెప్పించాడు. 'వాళ్లు పారేసుకున్నవి మనకి పంపారు. పారేసుకోడానికి మనకీ చోటుంది' అని."

"మరి మళ్లీ ఎందుకు పూనుకున్నారు?" అన్నాను.

"సింగపూరులో ప్లగ్గు మా ప్లగ్గే, టీచర్. మంచి మిషన్లు తీసి పారేస్తున్నారని విని ఉండబట్టలేకపోయాను. ఊరికి ఫోను చేసి, ఈసారి ప్రతిదీ నా కళ్లతో చూసి పంపుతానని మాటిచ్చాను. వాళ్లు నమ్మి గది కట్టారు. ఆడవాళ్లు నీళ్లు మోశారు, మగవాళ్లు ఇటుకలు పేర్చారు. నా మాట మీద గోడలు లేచాయి. ఇవీ చచ్చిపోతే ఆ గదిలో మొక్కజొన్న పోస్తానన్నాడు పెద్ద. పోస్తే మా అన్నయ్య ఆ ఊళ్లో ఉండలేడు. నేను ఆ ఊరికి పోలేను."

సుజాత నెమ్మదిగా అడిగింది. "మార్టెన్ అంకుల్ మొదటిసారి కూడా ఉన్నారా ఆంటీ?"

"ఉన్నాడు. పంపినవాళ్లలో అతనూ ఒకడు. ఇక్కడ నన్ను వెతుక్కుంటూ సెలూన్‌కి వచ్చి, ఆడవాళ్ల మధ్యన నిలబడి, 'ఈసారి నువ్వు ఎలా చెబితే అలా' అన్నాడు. మావాళ్లు చాలామంది నమ్మొద్దన్నారు. అలా వచ్చి అడిగిన తెల్లాయన నాకు ఇంకొకడు తగల్లేదు. అందుకే నమ్మాను."

ఓడ కంపెనీ ఒకటి ఆ ఒక్క ప్రయాణానికి చోటు ఉచితంగా ఇస్తానంది. సోమవారం పొద్దున్నకి కంటైనరు రేవులో ఉండాలి. తప్పితే ఇంక అంతే. ఆదివారం వాళ్ల చర్చి మగవాళ్లు వచ్చి ఎక్కిస్తారు. ఆవిడ మమ్మల్ని రైలు దాకా సాగనంపుతూ మరో రెండుసార్లు "అన్నీ వెలుగుతాయి కదా?" అని అడిగింది. వెలుగుతాయని, అంతా నా చేతిలోనే ఉన్నట్టు నేనే ఒట్టేశాను.

తేక్కా మార్కెట్: మా శనివారం

శనివారం మధ్యాహ్నానికి పని పూర్తయింది. ఆఖరి మిషను కూడా వెలిగాక కంఫర్ట్ ఆంటీ కళ్లు తుడుచుకుని ఇంటికెళ్లింది. మార్టెన్ రెండో తాళం చెవి రవికిచ్చి తనూ వెళ్లాడు. మిగిలింది మేమూ, లారీ అప్పన్న అంకులూ.

అప్పన్న అంకుల్‌ది ఎప్పుడో తాతల నాడు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆయన తెలుగులో అరవం, మలయ్ భాష సమానంగా కలిసుంటాయి. "మా తాత ఇశాపట్నం జిల్లా, అక్కా. కప్పల్లో వొచ్చినాడు. ఊరు పేరు నాకు తెలీదు, సాంబారు మాత్రం తెలుసు" అని మొదటిరోజే నవ్వించాడు. కప్పల్ అంటే అరవంలో ఓడట. ఆయనే అడిగాడు.

"అంతా సెరి. పూజ యెప్పుడు? ఇంత దూరం పోయే సామాను, బొట్టు లేకుండా నా లారీ యెక్కదు."

ఎవరికీ అడ్డు చెప్పాలనిపించలేదు. నిజం చెప్పాలంటే ఉత్సాహం పొంగుకొచ్చింది. దసరాకి మా ల్యాబులో బ్యూరెట్లకి కూడా బొట్లు పెట్టేదాన్ని నేను. నమ్మకం ఉందా అంటే నీళ్లు నములుతాను. పెట్టకపోతే మాత్రం చేతులు ఊరుకోవు. ఆయన లారీలోనే మనదేశపు సరుకులు దొరికే తేక్కా మార్కెట్‌కి వెళ్లి బూడిద గుమ్మడికాయా, సంచీడు నిమ్మకాయలూ, పూలూ తెచ్చాం. గుమ్మడికాయ మన దగ్గర పెళ్లిభోజనం ధర పలికింది. నేను తెచ్చిన అన్నవరం పసుపు సుజాత నీళ్లతో కలిపి ప్రతి డబ్బా ముఖానా, ప్రతి తెరకీ పైనా పట్టించింది. నేను కుంకుమ పెట్టుకుంటూ వెళ్లాను. రవి స్నేహితులు అగరొత్తులు వెలిగించారు. అప్పన్న అంకుల్ గుమ్మడికాయకి కన్నం చేసి కుంకుమ నింపి, గేటు దగ్గర దిష్టి తీసి ఫెడీమని కొట్టాడు. ఎర్రగా చిందింది.

రవి చీపురు అందుకున్నాడు. "లిట్టరింగ్ ఫైన్ పడుతుంది అంకుల్!"

"లోపలిదే కదా, రేపు తీద్దాం. ఇప్పుడు తీస్తే దిష్టి యెట్ల పోతది?" అన్నాడాయన. అందరం తృప్తిగా ఇళ్లకి పోయాం.

మళ్లీ బుకిట్ బటోక్: ఆదివారం

మర్నాడు మేం చేరేసరికి మార్టెన్ తలుపులు తీస్తున్నాడు. మా వెనకే చర్చినుంచి ఘనా వాళ్లు వచ్చారు. మగవాళ్లు, ఆడవాళ్లు, అందరూ తెల్లని బట్టల్లో. ముందు నడుస్తున్న పెద్దమనిషి పేరు కోఫీ. ఆ చర్చి పెద్దల్లో ఒకడు. గేటు లోపల అడుగు పెట్టి టక్కున ఆగిపోయాడు.

నేల మీద ఎర్రగా పగిలిన గుమ్మడికాయ. చుట్టూ నిమ్మకాయలు. లోపల వరసగా మిషన్లు, ప్రతిదాని ముఖానా ఎర్రటి చుక్క.

వెనకున్న ఆడవాళ్లలో ఎవరో గట్టిగా దేవుణ్ణి పిలిచారు. కోఫీ రెండు చేతులూ చాపి తనవాళ్లని వెనక్కి ఆపాడు. కంఫర్ట్ ఆంటీ ఆ చేతులు తప్పించుకుని ముందుకొచ్చింది.

"ఎవరు చేశారిది?" అంది. "మావాళ్లు చస్తే మేం కట్టుకునే రంగు ఇది. పిల్లల మిషన్లమీద ఎవరు చావు రాశారు?"

నేను చెప్పబోయాను. ఈలోగా మార్టెన్ ఒక మూలనుంచి బకెట్టూ సబ్బుపొడీ పట్టుకొచ్చాడు. మొహం జేవురించి ఉంది. "ఒకరు మొక్కుతారు, ఒకరు బెదురుతారు! సోమవారం ఓడ ఎవరికోసమూ ఆగదు" అంటూ సబ్బునీళ్లలో గుడ్డ ముంచి మొదటి డబ్బా మీద ఒక్క తుడుపు తుడిచాడు.

కుంకుమ పోయింది. దాని కింద పసుపు నిమిషంలో రక్తంలా ఎర్రబడింది.

మన ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. పసుపులో సున్నం కలిస్తే పారాణి. సబ్బులోనూ ఆ గుణమే ఉంది. కానీ ఆ తెల్లబట్టల వాళ్లకి ఎలా తెలుస్తుంది? తుడిచినకొద్దీ ఎర్రనీళ్లు కారుతుంటే గుంపు గుంపంతా గేటు అవతలికి పరిగెత్తింది. మార్టెన్ తన చేతులకేసి చూసుకుని కొయ్యబారిపోయాడు. ఇటు సుజాత ఏడుపు. "పెట్టిన బొట్టు అలా చెరిపేస్తారా వదినా? ఎవరికి అరిష్టం?"

కోఫీ గేటు బయటినుంచే అన్నాడు. "కంఫర్ట్, మేం వీటిని ముట్టుకోం."

ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత మార్టెన్‌తో, "గుడ్డ కింద పెట్టు. నీళ్లు తీసుకురా. తాగే నీళ్లు" అంది.

ఆయనకి వెంటనే అర్థమైంది. ఖాళీ పెట్టెలు గేటు బయటే బోర్లించి రెండు వరసలు వేశాడు. ఘనా వాళ్లని ఒకవైపు, మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరికీ కుడిచేత్తో గ్లాసు అందించాడు. మన ఇళ్లలోనూ ఎవరొచ్చినా ముందు మంచినీళ్లే కదా. కానీ వాళ్లు నీళ్లయ్యాక ఒక ప్రశ్న అడుగుతారు. "మీరు వచ్చిన పనేమిటి?" అని. సంగతి అందరికీ తెలిసినా సరే అడగాలి, అవతలివాళ్లు మొదటినుంచీ చెప్పాలి. అదీ నేరుగా కాదు, మధ్యలో ఒకరి నోట. ఆ ఒకరు కంఫర్ట్ ఆంటీ.

చెప్పాల్సింది నేను. క్లాసులో ఎప్పుడూ తడబడనిదాన్ని, తడబడ్డాను. మా పిల్లలు పరీక్షకి వెళ్తే, కొత్త బండి కొంటే, కోడలు కాపురానికొస్తే మేం చేసే మొదటి పని ఇదేనన్నాను. మాకు ఎరుపు నిండు జీవితం రంగనీ, నా నుదుటి మీదున్నదీ అదేననీ చెప్పాను. ఈ మిషన్లు మా ఇంటినుంచి వెళ్తున్నట్టే అనిపించింది, అందుకే పెట్టాం అన్నాను. నేను నాలుగు ముక్కలంటే ఆవిడ తన భాషలో పది చెప్పింది.

రవి నా చెవిలో, "అక్కా, ఆంటీ మసాలా దట్టిస్తున్నారు" అన్నాడు.

కోఫీ తలవంచి అంతా విన్నాడు. జవాబు కూడా ఆవిడ నోటే వచ్చింది. "ఆ టీచరుతో చెప్పు. మేం నమ్మాం. మీ మనసు మంచిది. కానీ ఆ పెట్టెలు ఊళ్లో విప్పేటప్పుడు ఈ మాటలు చెప్పడానికి టీచరు ఉండదు. విప్పినవాళ్లకి ఎరుపే కనిపిస్తుంది. ఇప్పటికే ఒకసారి మోసపోయిన ఊరు."

  కంఫర్ట్ ఆంటీ ఆ మాట మాకు చెప్పి, ఇంక తనవైపునుంచి ఒక్క ముక్క కూడా కలపకుండా కూర్చుంది. ఆవిడ చేతులు మాత్రం ఒళ్లో ఒకదాన్నొకటి పిసుక్కుంటున్నాయి. అది చూసే అనుకుంటాను, సుజాత కళ్లు తుడుచుకుని లేచింది.

"వదినా, పూజైపోయాక వినాయకుణ్ణి మనమే ఉత్తరం వైపు కదిపి, ఉద్వాసన చెప్పి, మనమే నీళ్లలో కలుపుతాం కదా. వీటికీ చెబుదాం. అప్పుడు తుడిస్తే చెరిపినట్టు కాదు, పూజ పూర్తయినట్టు."

అంత చక్కటి మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది. ఉత్తరం ఎటని సుజాత అడిగితే, బావులు తవ్విన మార్టెన్ తడుముకోకుండా ఎడంచేత్తో చూపించి, నాలిక కరుచుకుని, కుడిచేత్తో మళ్లీ చూపించాడు. గేటు దగ్గర ఎవరో నవ్వారు. సుజాత ఒక్కో మిషనూ రెండు చేతులతో పట్టుకుని రవ్వంత ఉత్తరానికి జరిపి, మనసులో ఏదో అనుకుంటూ సాగింది.  కోఫీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తర్వాత నా వంతు. "నిమ్మకాయలు కొయ్యండి" అన్నాను.

అప్పన్న అంకుల్ అదిరిపడ్డాడు. "అయ్యో అక్కా, అది లారీకి!"

ఎర్రబడ్డ డబ్బా మీద నిమ్మచెక్క రుద్దాను. ఎరుపు విరిగి పసుపైంది. సబ్బు తాకించాను, ఎర్రబడింది. నిమ్మ తాకించాను, పసుపైంది. ఇంక నన్ను పట్టుకునేవాళ్లెవరు? గోదామంతా నా క్లాసురూమే. మా అమ్మాయిలు ఈ ప్రయోగం చూసి ఆవులిస్తారు. ఇక్కడ పెద్దపెద్ద మగవాళ్లు ఒక్కో అడుగూ ముందుకొచ్చారు. కోఫీ చెయ్యి చాపి చెక్క అడిగి, తనే రుద్ది, రంగు మారడం చూసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

"ఈ రంగు ఒక వేరుది, కదా? అల్లంలాంటి వేరు?"

"అవునండీ. మేం కూరలో వేసుకుంటాం."

ఆయన వెనక్కి తిరిగి తనవాళ్లతో ఒకే మాట అన్నాడు. ఆడవాళ్లు కొంగుల్లాంటి పైబట్టలు నడుముకి బిగించి లోపలికి వచ్చారు. అందరం తలో నిమ్మచెక్కా పట్టుకుని తోమాం. లేత పసుపు మరక మాత్రం ఎంత తోమినా పోలేదు. కోఫీ దాన్ని పరీక్షగా చూసి, పసుపుతో తమకి తగాదా లేదన్నాడు.

ఎక్కించడం అయ్యాక మార్టెన్ సుజాత దగ్గరికొచ్చాడు. "తుడిచే ముందు నిన్ను అడగాల్సింది. మొదటి కంటైనరప్పుడూ ఇదే చేశాను. మంచి పని కదా అని అడగలేదు" అన్నాడు. సుజాత బిస్కెట్టు డబ్బా తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన ఆరోజు మూత పెట్టలేదు. నేను మూడు తిన్నాను.

లారీ కదలాలంటే ఇంకో చిక్కు. అప్పన్న అంకుల్ నాలుగు నిమ్మకాయలు ముందే జేబులో దాచి, చక్రాల కింద పెట్టి కూర్చున్నాడు. మేమంతా భయంభయంగా కోఫీ వైపు చూశాం. ఆయన భుజాలెగరేసి, "లారీ ఆయనది" అన్నాడు.

కాకినాడ: సుజాత ఫోను

తిరిగొచ్చాక కాలేజీ, పేపర్లు దిద్దడం, మామూలు గొడవలు. రవికి ఫోను చేసినప్పుడల్లా "ఓడ చేరిందా?" అని అడగడం, "ఇంకా లేదక్కా" అనిపించుకోవడం. ఆఖరికి చేరిందన్నాడు. తర్వాత చాలారోజులు ఏ కబురూ లేదు. సముద్రం ఉప్పుగాలికి ఏమైనా అయ్యాయేమోనని నేను పైకి అనలేదు గానీ కెమిస్ట్రీ తెలిసినదాన్ని, నిద్ర పట్టేది కాదు.

మొన్న ఆదివారం సుజాత ఫోను చేసింది.  "వదినా, ఇప్పుడే కంఫర్ట్ ఆంటీ ఇంటినుంచి వచ్చాం" అంది.

వాళ్లందరినీ ఆవిడే పిలిచిందట. ఒక్కర్తీ వినే ధైర్యం లేక. మార్టెన్, కోఫీ, అప్పన్న అంకుల్ అందరూ ఆ హాల్లో నేలమీద కూర్చున్నారట. ఊళ్లో కొత్త గదికి ఫోను లేదు. పక్కనున్న తపాలా ఆఫీసు నుంచి తీగ లాగారు. హెడ్మాస్టరన్నయ్య మాట్లాడి, "చెప్పేదేముంది, విను" అని రిసీవరు మిషను దగ్గర పెట్టాడట. కంప్యూటరు మేలుకున్నప్పుడు వచ్చే ఆ చిన్న సంగీతం వినిపించింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. స్పీకరు ఫోనులో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ విన్నారట. ఒకచోట ఏమీ వినపడలేదు. కంఫర్ట్ ఆంటీ సుజాత చెయ్యి నలిగిపోయేట్టు పట్టుకుంది. అవతల ఏదో సర్దిన చప్పుడయ్యాక అదీ పాడింది.

అన్నీ అయ్యాక కంఫర్ట్ ఆంటీ ఫోను దగ్గరికి జరిగిందట.

"పెద్ద వచ్చాడా?" అని అడిగింది ఆవిడ.

"మొదటినుంచీ ఇక్కడే కూర్చున్నాడు" అన్నాడు అన్నయ్య.

"ఏమంటున్నాడు?"

అవతల గుసగుసలు. పెద్ద తన మనిషితో చెప్పాడు. ఆ మనిషి ఫోను దగ్గరికొచ్చి, సభలో పలికినట్టు గొంతు సవరించుకుని చెప్పాడట.

"కంఫర్ట్‌తో చెప్పమంటున్నాడు. మళ్లీ మొదటిదాని దగ్గర్నుంచీ వినిపించమంటున్నాడు."